వంతు కానివాళ్ళు నిద్రపోవాలి

"ఈ ఫోను ఇంక నేను పట్టుకోను సార్. మీరే పట్టుకోండి."

"పట్టుకోనంటే ఎట్టామ్మా? ఆ ప్రోగ్రాము రాసిందెవురు? నువ్వే గదా! కన్నోళ్ళు కాకుంటే ఇంకెవురు లేస్తారు బిడ్డ ఏడిస్తే?"

"కన్నబిడ్డ నాకు ఇంట్లో ఇంకోటి ఉండాది సార్. అది ఏడిస్తే లెయ్యడానికే నాకు ఓపిక మిగల్లా."

"మిగతా నలుగురు ఉండారు గదా?"

"ఉండారు. అయిదు ఫోన్లూ మోగతాయి. ఎత్తేది మాత్రం నేనొక్కదాన్నే."

"అట్టయితే వాళ్ళనడుగు. రొయ్య చచ్చిపోతే రైతొచ్చి పట్టుకొనేది నా చొక్కా. నీ చున్నీ కాదు."

"మీ చొక్కా నేను ఇస్త్రీ చేయించి ఇస్తా సార్. నా నిద్ర ఎవురు తెచ్చిస్తారు?"

అప్పటిదాకా పక్క గదిలో ఒక రైతుతో ఫోనులో మాట్లాడుతున్నదాన్ని, "రొంతసేపాగి చెయ్ నాయనా, ఈడ ఇల్లు కాలతా ఉంది" అని చెప్పి పెట్టేసి లేచాను. వాళ్ళ గదిలోకి పోయి, ముందుగా తలుపు మూశాను.

"ఏసీ వేసుకొని, తలుపు బార్లా తీసుకొని అరుస్తుండారు. కరెంటు మీ తాత కడతాడా? అరిచేదుంటే తలుపేసుకొని అరవండి" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ పిల్ల కళ్ళ కింద నల్లగా చారలు పడి ఉన్నాయి. మా ఓనరు అబ్బయ్య ముఖంలో కోపం కన్నా భయమే ఎక్కువ కనిపించింది నాకు.

ఇది నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు సంగతి. నేను అక్కడ పని మానేసి ఇంట్లో కూర్చున్నాను ఇప్పుడు. ఇలాంటి ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు మా వీధిలోనే ఎంతోమంది ఉన్నారు. సాయంత్రం వచ్చి వాళ్ళ బాధలు చెప్పుకుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా ఆఫీసు పనేమిటో చెప్తాను. విడవలూరు మొదలుకొని సముద్రం వెంబడి ఉన్న రొయ్యల గుంటల్లో మావాళ్ళు మీటర్లు వేలాడదీసేవాళ్ళు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో అవి కొలిచి, సెల్‌ టవర్ల మీదుగా మా కంప్యూటర్లకు పంపేవి. ఆక్సిజన్ తగ్గితే ఏరియేటర్లు, అంటే గుంటలో నీళ్ళను చిలికే చక్రాలు, వాటంతటవే తిరిగేటట్టు మావాళ్ళు ప్రోగ్రాము రాశారు. ఆ ప్రోగ్రాము ఎక్కడన్నా ఆగిపోతే చక్రం తిరగదు. చక్రం తిరగకపోతే రొయ్యకు ఊపిరాడదు. అందుకని ఏ కాస్త తేడా వచ్చినా, వేళాపాళా లేకుండా, ఇంజనీర్ల ఫోన్లు గంట కొట్టినట్టు మోగేవి.

ఓనరు కుర్రవాడే. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాయన గుంటలో పంటంతా ఒక పొద్దున తెల్లగా తేలిపోవడం చూసినవాడు. ఆ భయంతోనే ఈ కంపెనీ పెట్టాడు. ఒక ఫోను మోగేదానికన్నా అయిదు మోగితే ధైర్యం ఎక్కువని అతని లెక్క. పదిమందిలో పాము చావదన్నది అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. అయిదుగురిలో ప్రతివాడూ పక్కవాడు చూసుకుంటాడులే అనుకునేవాడు. ఆ పిల్ల ఒక్కతే అలా అనుకోలేక లేచేది. ప్రోగ్రాములో ఎక్కువ భాగం ఆమె చేతి మీద పుట్టిందే. ఆమె బిడ్డకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఫోను మోగితే అది చెవులు మూసుకొని "లొయ్య, లొయ్య" అని ఏడ్చేదట. పిల్లలు అమ్మా, అత్తా అంటారు. ఆ బిడ్డకు ముందు వచ్చిన మాట అది.

ఇక నా పని. రైతుల ఫోన్లు ఎత్తడం. ఆడపిల్లలు ఎత్తితే కొందరు రైతులు నోటికొచ్చింది తిట్టేవాళ్ళు. నేనెత్తితే తిట్టరు, తిడితే రెండింతలు తిరిగి తింటారు కాబట్టి. అంతకు ముందు నేను రొయ్యల షెడ్డులో మేస్త్రీగా చేశాను. తలలు వలిచే ఆడవాళ్ళను చూసుకోవడం. లారీ ఏ వేళకు వస్తుందో దేవుడికి కూడా తెలియదు. వచ్చాక రొయ్యా ఆగదు, ఐసూ ఆగదు. అందుకని ఎవరు కబురందగానే రావాలి, ఎవరు ఇంట్లో పడుకోవాలి అనేది ముందే వంతులు కట్టి ఉంచేదాన్ని. అంతకు కూడా ముందు, నేను పుట్టింది దొరవారిసత్రం దగ్గర పులికాటు ఒడ్డు పల్లెలో. మా నాయన వాళ్ళకు సరస్సులో వంతులుండేవి. ఏ చోట వల ఎవరు వేయాలో నలుగురి ముందూ చీటీలు తీసి తేల్చుకునేవాళ్ళు. ఒకడి వంతులో ఇంకొకడు వల వేస్తే ఊరు ఊరుకునేది కాదు.

ఆ రోజు ఆ గదిలో వాళ్ళకు చెప్పింది ఇదే.

"అబ్బయ్యా, అయిదుగురినీ లేపొద్దు. ఒక్కర్ని లేపు. వారానికొకరు. పడవలో గెడ వేసేవాడొకడు, వల వేసేవాడొకడు ఉంటారు గదా, అట్టా తోడుకి ఇంకొకర్ని పెట్టు. తక్కిన ముగ్గురి ఫోన్లూ మూగపడాల."

"ఆ ఒక్కడూ లెయ్యకపోతే?"

"లేస్తాడు. తను లెయ్యకపోతే ఎవరూ లెయ్యరని తెలిస్తే శవం కూడా లేస్తుంది."

ఆ పిల్ల నవ్వలేదు. "అవ్వా, వాళ్ళకి అన్నీ తెలవ్వు. నాకే తెలుసు" అంది.

"అది నీ గొప్ప కాదు. నీ తప్పు" అన్నాను.

ఓనరు, "సరే అవ్వా. ఒక నెల చూస్తా. ఒక్క గుంట పోయినా మళ్ళీ పాత పద్ధతే" అన్నాడు.

"పాత పద్ధతి వస్తే ఆ రోజే నేను పోతా సార్" అంది ఆ పిల్ల. ఉత్త బెదిరింపు కాదది. చెన్నైలో వేరే ఉద్యోగం మాట్లాడుకొనే ఉంది. అక్కడ జీతం ఎక్కువ. కానీ తన చేత్తో కట్టింది వదిలిపెట్టి పోవాలి.

చీటీలు వేశాం. వాడేసిన కాగితాల వెనక వైపు రాసి చించాను, కొత్త కాగితాలు దేనికి. మొదటి వంతు మా బుచ్చి అబ్బాయికి, అంటే బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చే కుర్రవాడికి, వచ్చింది. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. అయిదుగురిలో ఒక్కసారి కూడా ఫోను ఎత్తని మహానుభావుడు అతనే. లావుగా, నిదానంగా ఉంటాడు. ఇడ్లీ తినడానికి అతను తీసుకునే సమయంలో నేను వంట చేసి, గిన్నెలు తోమి, అరుగు కడుక్కుంటాను.

"అయిపోయింది. రేపట్నించి రొయ్యలకి దినాలు చేయాల్సిందే" అన్నాడు ఓనరు.

ఆ అబ్బాయి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండు రోజులు గడిచాయో లేదో, పొద్దున్నే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. ముఖం ఎర్రగా ఉంది.

"అవ్వా, ఇది అన్యాయం. నా వంతులో ఆమె చెయ్యి పెట్టింది. ఫోను మోగితే నేను లేచి కంప్యూటరు తెరిచినా. తెరిచేలోపల ఆమె ఇంట్లో నుంచే అంతా సరిచేసేసింది. ఇంక నేనెందుకు? దిష్టిబొమ్మనా?"

ఆ పిల్లను పిలిచాను. దాపరికం లేదు. "మోగకుండా పెట్టుకున్నా అవ్వా. కానీ నిద్ర రాలా. ఊరికే చూసినా. చూస్తే తేడాగా ఉండాది. చేసేసినా" అంది.

"మా ఊళ్ళో వేరేవాడి వంతులో వల వేస్తే, వేసినవాడికి తర్వాత వంతు పోతుంది. నీకూ అంతే. నీ వంతు తీసేస్తుండా" అన్నాను.

బుచ్చి అబ్బాయి గట్టిగా నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"అవ్వా, మీ ఊళ్ళో వంతు వస్తే చేపలు. ఈడ వంతు వస్తే నిద్ర పోతుంది. తప్పు చేసినందుకు వంతు తీసేస్తే, అది శిక్షెట్టా అవుతుంది? మేమందరం రేపట్నించి తప్పులే చేస్తాం."

ఓనరు, ఆ పిల్ల, అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది కానీ, వాడన్నది నిజం. నేను సరస్సు నుంచి వంతును తెచ్చాను, చేపలను తేలేదు. వంతు ఉన్నవాడికి ఏదో ఒకటి దక్కాలి, లేకపోతే అది ఉత్త గుదిబండ.

మధ్యాహ్నం అన్నం తిని, అందరం నేల మీద కూర్చొని మాట్లాడుకున్నాం. మా పల్లెలో ఇంకొకటి ఉండేది. వంతు అయిపోయినవాడు ఆ తర్వాత వేటకు పోడు. ఒడ్డున కూర్చొని చినిగిన వల బాగుచేసుకుంటాడు. ఆ పూట అతనికి ఎవరూ వేరే పని చెప్పరు. అది చెప్పగానే ఆ పిల్ల కళ్ళు మెరిశాయి.

"సార్, వంతు చేసినోళ్ళకి మరుసటి వారం కొత్త పనేదీ ఇవ్వకూడదు. వాళ్ళని నిద్ర లేపినవి ఏంటేంటో అవే బాగుచేసుకోవాల. మళ్ళీ లేపకుండా."

"వారమంతానా? మరి కొత్త పనులెవురు చేస్తారు?" అన్నాడు ఓనరు.

"నిద్రపోయినోళ్ళు చేస్తారు. నిద్రపోయినోళ్ళకి పని వేగం జాస్తి" అన్నాను. అతను గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు.

ఆ పిల్లకు శిక్ష కూడా అప్పుడే తేల్చాం. తనకొక్కదానికే తెలిసిన మర్మాలన్నీ తక్కిన నలుగురికీ కూర్చోబెట్టి నేర్పాలి. నేర్పేదాకా కంప్యూటరు ముట్టుకోకూడదు. నోటితోనే చెప్పాలి, చేతులు వాళ్ళవి. పాపం, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి, "కాదు, కాదు, దాని పైనుండేది" అని పళ్ళు నూరుకుంటూ ఉండేది. బుచ్చి అబ్బాయి తన నిదానంతో ఆమె ఆయుష్షు తినేశాడు. అడిగిందే అడిగాడు. కానీ అతనికి ఒకసారి ఎక్కిందంటే గోడకు మేకు కొట్టినట్టే.

వంతు అయిపోయిన వారం అతను చేసిన పని నేనెప్పటికీ మరిచిపోను. కంప్యూటరు ముందు కూర్చోలేదు. బస్సెక్కి విడవలూరు వైపు గుంటల మీదకు పోయాడు. వరి చేలు ఎరిగినవాడే కానీ రొయ్యల గుంట గట్టు ఎక్కడం అతనికి అదే మొదలు. సాయంత్రం వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద, ముఖం కమిలిపోయి ఉంది.

"అవ్వా, మీటరు మీద పాచి పడతా ఉంది. పాచి పడితే ఆక్సిజన్ లేదని అబద్ధం చెప్తుంది. మనం లేచేది సగం ఆ అబద్ధానికే" అన్నాడు.

రైతులు పాచి సంగతి నాకు ఎన్నోసార్లు చెప్పారు. అది పిల్లల నిద్రతో ముడిపడిందని నాకు తట్టలేదు, వాళ్ళకీ తట్టలేదు. అతనూ ఆ పిల్లా కలిసి కూర్చుని మార్చారు. పక్క మీటరు కూడా ఔనంటేనే ఫోను మోగాలి. కాదంటే గుంట దగ్గరి కాపలా మనిషికి తెల్లారాక తుడవమని మెసేజి పోవాలి. ఆ తర్వాత వంతులో ఉన్నవాళ్ళ ఫోను మోత ఎంత తగ్గిందంటే, మూగబోయిందేమోనని ఓనరు తన ఫోను నుంచి దానికి చేసి చూసుకునేవాడు.

నెల గడువు ఇంక ఒక్క రోజులో ముగుస్తుందనగా వచ్చింది ఆ రోజు.

వంతు మళ్ళీ బుచ్చి అబ్బాయిది. ఒకడికి ఇంట్లో చావు పడితే, అతని వంతు తనే అడిగి తీసుకున్నాడు. తోడుగా ఆ అయిదుగురిలో అందరికన్నా తర్వాత చేరిన అమ్మాయి; ఆ రోజు తన హాస్టలు గదిలోనే ఉంది. ఆ పిల్ల ఆఫీసుకు సెలవు పెట్టి, బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కుటుంబంతో కొండకు పోయింది. పొద్దున్నుంచీ మబ్బు. వాయుగుండమని టీవీలో చెప్తున్నారు. పగటిపూట కూడా లైట్లు వేసుకోవాల్సినంత చీకటి. నేను వేయనివ్వలేదు, అది వేరే సంగతి. మధ్యాహ్నానికి సముద్రం వైపు కరెంటు పోయింది. టవర్లు ఆగిపోయాయి. మా కంప్యూటర్లకు గుంటల నుంచి మాట రావడం మానేసింది.

కాసేపటికి టవర్లు లేచాయి. హమ్మయ్య అనుకుంటుండగా విడవలూరు రైతు ఫోను చేశాడు. మాకున్న రైతుల్లో పెద్దవాడు. పంట పట్టుబడికి, అంటే రొయ్య పట్టి అమ్మే దశకు, వచ్చి ఉంది.

"అక్కా, చక్రాలు ఆగిపోతుండాయి! జనరేటరు తిరగతానే ఉండాది, చక్రాలు మాత్రం ఒక్కోటే ఆగిపోతుండాయి. మీ మిషనుకి ఏమన్నా దెయ్యం పట్టిందా?"

అరిచి చెప్పాను. బుచ్చి అబ్బాయి అప్పటికే తెర మీదకు వంగి ఉన్నాడు. ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏందయ్యా? ఏంది?"

"టవరు లేని టైములో మీటర్లు దాచిపెట్టుకున్న కొలతలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా వచ్చి పడతుండాయి సార్. ఇందాక బాగున్నప్పటి కొలత చూసి, ఇప్పుడూ బాగుండాదనుకొని ప్రోగ్రాము చక్రాలు ఆపేస్తా ఉంది."

"ఆమెకి ఫోన్ చెయ్!"

"వంతు నాది సార్."

"వంతేంది నీ మొహం! రొయ్య పోతా ఉంటే!" ఓనరు తన ఫోను తీశాడు.

నేను లేచి అతని చెయ్యి పట్టుకున్నాను. "ఆ ఫోను కింద పెట్టు. ఇప్పుడు ఆ పిల్లని పిలిస్తే, రొయ్యలు బతికినా ఆ పిల్ల మనకి దక్కదు. ఈడొకడు కూర్చొని ఉండాడు. వాడి మాట విను."

బుచ్చి అబ్బాయి అదే నిదానంతో, ఇడ్లీ తినే నిదానంతో అన్నాడు. "సార్, ప్రోగ్రాము మొత్తం ఆపేస్తుండా."

"ఆపేస్తావా? ఆపేస్తే ఏ గుంటలో ఏముందో మనకెట్టా తెలుస్తుంది?"

"తెలవదు. కానీ అది తప్పు చెప్పి చంపేదానికంటే ఊరికే ఉండడమే మేలు. అవ్వా, రైతులందరికీ చెప్పు. స్విచ్చి చేత్తో వెయ్యమను. మనం చెప్పేదాకా తియ్యొద్దను."

ఓనరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అతని కళ్ళ ముందు వాళ్ళ నాయన గుంటే కదలాడి ఉంటుంది. నేనే గదమాయించాను. "నిలబడి చెమట కార్చేదానికంటే సగంమందికి నువ్వు చెయ్. సగం నేను చేస్తా." అతను నా పక్కన కూర్చొని మొదలుపెట్టాడు. బుచ్చి అబ్బాయి ఒక చేత్తో మీట నొక్కి, ఇంకో చేత్తో తోడు అమ్మాయికి ఫోను కలిపాడు. ఆమె తన గదిలో నుంచి పాత కొలతలన్నిటినీ ఏరి పారేయడం మొదలుపెట్టింది.

విడవలూరు రైతు ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళూ చెయ్యి పెట్టొద్దంటిరి, మిషనే చేస్తుందంటిరి. ఇప్పుడు చేత్తో వెయ్యమంటే, ఇంక మీరెందుకక్కా, మీ మిషనెందుకు?"

"ముందు స్విచ్చి వెయ్యి నాయనా. తర్వాత తిట్టు. తిట్లు పాచిపోవు, ఎప్పుడన్నా తిట్టొచ్చు" అన్నాను.

అటువైపు ఆయన ఎవరినో కేకేసి పరిగెత్తించడం వినబడింది. ఒక గుంటలో రొయ్య అప్పటికే గట్టు వారకు చేరి తలలు పైకెత్తుతోందట. నేను ఫోను పెట్టలేదు. ఆయనా పెట్టలేదు. గాలి హోరు, దాని వెనక చక్రాలు నీళ్ళను కొట్టే చప్పుడు, ఒకటి, ఇంకొకటి. కాసేపటికి ఆయనన్నాడు: "దిగిపోతుండాయక్కా. లోపలికి దిగిపోతుండాయి."

గట్టిగా అందరికీ వినబడేటట్టు చెప్పాను. ఓనరు బల్ల మీద తల వాల్చేశాడు. బుచ్చి అబ్బాయి తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. పొద్దు గూకేలోపల తోడు అమ్మాయి పని పూర్తిచేసింది, అతను ప్రోగ్రామును మళ్ళీ లేపాడు. ఒక్కో రైతుకే ఫోను చేసి, గుంటలో ఉన్నదీ మా తెర మీద ఉన్నదీ సరిపోయాయో లేదో చూసుకొని, అప్పుడే స్విచ్చి వదిలేయమన్నాం. సముద్రం పొడుగునా ఒక్క గుంట కూడా పోలేదు. మా షెడ్డులో ఎన్ని లారీలు దించానో నాకే లెక్క లేదు కానీ, ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే కలిగిన గర్వం ఇంతకు ముందెప్పుడూ కలగలేదు. ఆటో ఎక్కుదామా అనిపించింది. కానీ బస్సులోనే పోయాను.

పిల్లలూ, ఒక మాట. మీ ఆఫీసుల్లో అన్నీ తెలిసిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషినే లేపుతూ ఉంటే, ఎత్తనివాడు ఎప్పటికీ ఎత్తడు. వాడు సోమరి అని మనం పేరు పెడతాం. బుచ్చి అబ్బాయిని నేను తర్వాత అడిగాను, అంతకు ముందు ఎందుకెత్తేవాడివి కాదని. "నేను ఎత్తేలోపల ఆమె ఎత్తేసేది అవ్వా. రెండుసార్లు చూసి మానేసినా" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల ఆలస్యంగా వచ్చింది. ఎండ ఎక్కేదాకా నిద్రపోయిందట, ఇంట్లో ఎవరూ లేపలేదట. ముఖం తేటగా ఉంది. వాయుగుండం సంగతి దారిలో విని, మెట్లెక్కుతూనే బుచ్చి అబ్బాయి మీద పడింది. "ఇంత జరిగితే నాకెందుకు చెప్పలా?"

"నీ వంతు కాదు గదా" అన్నాడు, తల తిప్పకుండా.

ఆమె ఓనరు వైపు చూసింది. "నెల అయిపోయింది గదా సార్. ఏమంటారు?"

"ఏమనేదుంది. వచ్చే వారం వంతెవురిదో అవ్వనడుగు" అని అతను తన గదిలోకి పోయాడు.

అప్పుడే విడవలూరు రైతు మనిషి ఐసుపెట్టెతో వచ్చాడు. నిండా రొయ్యలు. నేల మీద పాత పేపరు పరిచి నేనే పంచాను. వంతు ఉన్నవాడికి పెద్ద కుప్ప. తోడు అమ్మాయికి దాని తర్వాతది. ఫోన్లు చేసినందుకు ఓనరుకు ఒకటి, నాకు ఒకటి. ఆ పిల్ల సంచీ పట్టుకొని ముందుకొచ్చింది.

"నీకు లేదు. నిన్న నువ్వు పడవలో లేవు" అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వుతూ ఖాళీ సంచీ మడిచి, కుర్చీ లాక్కొని పనిలో కూర్చుంది.